క్రిస్‌ఫ్లయర్ స్టాపోవర్: ఒకే టికెట్టు మీద రెండు ఊళ్లు, కానీ ముందు ఇంటిపేరు సరిచూసుకోండి

సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైళ్లను, అంటే డబ్బుకు బదులు ఇచ్చి టికెట్టు తీసుకునే పాయింట్లను, నేను ఏళ్లుగా వదలకుండా పోగేయడానికి కారణం ఒక్కటే, స్టాపోవర్, అంటే దారిలో మజిలీ. తక్కువ మైళ్లు పట్టే సేవర్ రేటులో రానూపోనూ టికెట్టు తీస్తే, మద్రాసు నుంచి బాలికి పోతూ దారిలో సింగపూర్‌లో దిగి రెండు మూడు రోజులు ఉండొచ్చు. దానికని అదనంగా మైళ్లు అడగరు. ఇంకో మజిలీ కావాలంటే 100 అమెరికన్ డాలర్లు. వన్‌వే సేవర్‌కైతే మొదటి మజిలీకే ఆ వంద పడుతుంది, అందుకని రానూపోనూ కలిపే తీయాలి.

వాళ్ల వెబ్‌సైట్‌లో మామూలు రౌండ్‌ట్రిప్‌లో కాదు, మల్టీసిటీలో వెతకండి. అదీ ఒక్కసారే కాదు. ముందు మద్రాసు–సింగపూర్, తర్వాత సింగపూర్–బాలి, ఆ తర్వాత తిరుగు దారి, ఇలా ఒక్కో ముక్కను మీరెంతమందో అంతమందికీ విడివిడిగా చూసి, సీట్లున్న తేదీలు కాగితం మీద రాసుకుని, అప్పుడు కలపాలి. మొత్తం ఒకేసారి వెతికితే ఎక్కడో ఒక ముక్కలో సీటు లేక అసలేమీ దొరకలేదని చూపిస్తుంది, తప్పు ఏ ముక్కదో అర్థం కాదు.

బండి ఆగిపోయేది మాత్రం ఇక్కడ కాదు, క్రెడిట్ కార్డు పాయింట్లను మైళ్లుగా మార్చే దగ్గర. మనవాళ్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. బ్యాంకు రికార్డులో అదే ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పేరుకు ముందు కూర్చుని ఉంటుంది. రెండు పేర్లూ కలవకపోతే బదిలీ వెనక్కి తన్నేస్తుంది. సీట్లు కనబడుతూనే ఉంటాయి, మైళ్లు మాత్రం చేతికి రావు. నా కార్డు బ్యాంకు వాళ్లు కారణం కూడా చెప్పలేదు, ఫోన్ చేస్తే 'సాంకేతిక సమస్య' అన్నారు. దానికి విరుగుడు వరసగా చేయాలి. క్రిస్‌ఫ్లయర్ ఖాతా పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా తెరవండి. టికెట్టు మీద ఉండాల్సిన పేరు అదే కాబట్టి దాన్ని కదపొద్దు, మార్చాల్సింది బ్యాంకు రికార్డునే. శాఖకు పోయి పాన్, ఆధార్ ఇచ్చి ఇంటిపేరు పూర్తిగా రాయించాలి. ఆ తర్వాత అనుమతించే కనీస పాయింట్లు మాత్రమే పంపి చూడండి. అవి చేరితే దారి తెరుచుకున్నట్టే. మిగతావి సీటు కనబడ్డాకే పంపాలి, ఎందుకంటే ఒకసారి మైళ్లయినవి మళ్లీ కార్డు పాయింట్లు కావు, పైగా 36 నెలల్లో మురిగిపోతాయి. ఇంట్లోవాళ్లకు వేరే ఖాతాలు అక్కర్లేదు, ఒక ఖాతా మీద ఐదుగురిని నామినీలుగా, అంటే మీ మైళ్లతో టికెట్టు తీయదగినవాళ్లుగా, పెట్టుకోవచ్చు. వాళ్ల పేర్లూ పాస్‌పోర్టు ప్రకారమే.

'ఉచితం' అన్నమాట కూడా కొంచెం తగ్గించే చెప్పాలి. సింగపూర్ విమానాశ్రయం చాంగీలో బయటికి రాకుండా విమానం మారితే పన్ను తక్కువ. దిగి, ఉండి, మళ్లీ ఎక్కితే ఒక్కొక్కరికి 60 సింగపూర్ డాలర్లు దాటుతుంది, అది టికెట్టులోనే కలిసి వస్తుంది. సింగపూర్ వీసా రుసుము మనిషికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు ఖర్చు వేరే. బాలిలో దిగగానే వీసాకు 5 లక్షల ఇండోనేషియా రూపాయా, పర్యాటక రుసుము లక్షన్నర. అంకెలు చూసి బెదరొద్దు, వాళ్ల రూపాయాకి విలువ అంతే.

హోటల్ స్టేటస్, అంటే హోటల్ సంస్థల సభ్యత్వంలో వచ్చే గోల్డ్, ప్లాటినం లాంటి హోదా, కూడా ఇద్దరికే పూర్తిగా పనిచేస్తుంది. హిల్టన్ గోల్డ్‌కి ఆసియాలో టిఫిన్ ఉచితమే, కానీ సభ్యుడికీ, అదే గదిలోని ఇంకొకరికీ మాత్రమే. మారియట్‌లో గోల్డ్‌కి అదీ లేదు, ప్లాటినం కావాలి, అంటే ఏడాదికి 50 రాత్రులు. సింగపూర్ గదులు ఇరుకు, పిల్లలతో పోతే రెండో గది తప్పదు, ఆ గదికి స్టేటస్ అంటదు. ఇంకోటి, వేరే బుకింగ్ సైట్లలో గది తీస్తే మీ స్టేటస్‌ను పట్టించుకోరు. హోటల్ పాయింట్లను సింగపూర్‌లో ఖర్చుపెట్టకుండా బాలికి దాచండి. రెండు సంస్థల్లోనూ పాయింట్లతో వరసగా ఐదు రాత్రులు తీస్తే ఒక రాత్రికి పాయింట్లు పడవు, హిల్టన్‌లోనైతే దానికి కనీసం సిల్వర్ ఉండాలి.

తేదీలు అటూ ఇటూ జరుపుకోగల ఇద్దరికైతే ఇది తీసుకోమనే అంటాను. నెల్లూరు నుంచి రైల్లో మద్రాసు సెంట్రల్, అక్కణ్నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయం, అటు ఇబ్బంది లేదు. నలుగురు, అదీ దసరా సెలవుల్లోనో సంక్రాంతికో అంటే మాత్రం సేవర్ సీట్లు దొరకడం గగనమే. సీట్లు 355 రోజుల ముందే తెరుస్తారు, అప్పటికే సెలవుల తేదీలు తేల్చుకోగలిగినవాళ్లు ప్రయత్నించొచ్చు. నాకైతే బడి పిల్లల లెక్క లేదు కాబట్టి సాగుతోంది.