ఐసీయూ జేబు పుస్తకం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కోనసీమలో ఒక ఐసీయూలో నైట్ డ్యూటీలు చేస్తూ ఏళ్లుగా ఆప్రాన్ జేబులో పెట్టుకు తిరిగిన పుస్తకం ఇది. పేరు ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ క్రిటికల్ కేర్. రాసినవాళ్లు మెర్విన్ సింగర్, ఆండ్రూ వెబ్. నా దగ్గరున్నది 2009 నాటి మూడో ఎడిషన్. కొనమంటారా అని పీజీలు అడుగుతుంటారు. కొనుక్కోండి, కానీ ఇదొక్కటే నమ్ముకుంటే మన దగ్గర సరిపోదు.

దీంట్లో నాకు బాగా నచ్చింది అమరిక. చాలావరకు ఒక్కో విషయం ఎదురెదురు పేజీల్లోనే అయిపోతుంది. పొటాషియం పడిపోయిందనుకోండి, పేజీ తెరిచి బల్ల మీద పెడితే కావలసిందంతా కళ్ల ముందుంటుంది. సంబంధం ఉన్న మిగతా విషయాలకు ఏ పేజీ చూడాలో కూడా అక్కడే ఉంటుంది. సిరంజి పట్టుకుని సిస్టర్ పక్కనే నిలబడి ఉన్నప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. జబ్బు గురించి మొదటిసారి నేర్చుకోవడానికి మాత్రం దీన్ని కొనకండి. దానికి పెద్ద పుస్తకాలున్నాయి. తెలిసిన విషయంలోనే టెన్షన్‌లో గుర్తురాని అంకెను అందివ్వడం జేబు పుస్తకం పని.

ఏ పుస్తకమైనా ముందు ముద్రణ సంవత్సరం చూడండి. సీనియర్లు వెళ్లిపోతూ ఇచ్చే పాత కాపీల విషయంలో ఇది మరీ ముఖ్యం. షుగర్‌ని 80–110 మధ్య బిగించి ఉంచాలని ఒకప్పుడు అందరం నమ్మాం. అలా చేస్తే మరణాలు పెరుగుతున్నాయని 2009లో నైస్-షుగర్ ట్రయల్ తేల్చింది. ఇప్పుడు 180 దాటితేనే ఇన్సులిన్ మొదలుపెడుతున్నాం. సెప్సిస్‌కి (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ఎంతో ఖరీదు పెట్టి వాడిన యాక్టివేటెడ్ ప్రోటీన్ సి అనే మందు 2011లో మార్కెట్ నుంచే పోయింది. సెప్సిస్ రోగులకు స్టార్చ్ ద్రావణాలు ఎక్కిస్తే కిడ్నీలకు హాని అని 2012లో తేలింది. అసలు సెప్సిస్ నిర్వచనమే 2016లో మారింది. ఆ కొత్త నిర్వచనం ఇచ్చిన పత్రంలో మొదటి పేరు ఈ పుస్తకం రాసిన సింగర్‌గారిదే! తన పాత పుస్తకాన్ని ఆయనే దాటి వచ్చేశారు. అందుకే నా కాపీలో ఇలాంటి చోట్లన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన కొత్త మాట రాసుకున్నాను. శరీర ధర్మాల గురించి, మానిటరింగ్ గురించి ఉన్న పేజీలకు ఆ అవసరం రాలేదు.

బ్రిటిష్ పుస్తకాలతో యూనిట్ల గొడవ కూడా ఉంటుంది. అక్కడ షుగర్ మిల్లీమోల్స్‌లో చెబుతారు. 10 అంటే మన లెక్కలో (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) 180. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మైక్రోమోల్స్‌లో 88 అంటే మన 1. బ్లడ్ గ్యాస్ (రక్తంలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పీడనాలు) కిలోపాస్కల్స్‌లో ఉంటే, మన మిల్లీమీటర్ల పాదరసంలోకి మార్చడానికి 7.5తో గుణించాలి. అట్ట లోపల ఈ మూడూ రాసుకుంటే చాలు.

అన్నిటికంటే పెద్ద సమస్య వేరే ఉంది. మన డెల్టాలో ఐసీయూకి వచ్చే కేసులు లండన్‌లో వచ్చేవి కావు. పురుగుమందు తాగినవాళ్లనే తీసుకోండి. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు అయితే, దానికి విరుగుడైన అట్రోపిన్ 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఫలితం లేకపోతే ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఛాతీలో గురగుర పోవాలి, నాడి 80 దాటాలి, చంకలు పొడిబారాలి. మన దగ్గర సాధారణంగా దొరికే ఆంపుల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రామే. అంటే 3 మిల్లీగ్రాములకు ఐదు ఆంపుళ్లు, తర్వాత పది, ఆ తర్వాత ఇరవై. ఒక సిస్టర్ విరుస్తుంటే ఇంకొకరు సిరంజిలోకి లాగాలి. ఈ ఆంపుళ్ల లెక్క రాసి పోయిజనింగ్ పేజీలో అంటించాను. నేను ఎక్కువసార్లు తెరిచేది ఆ పేజీనే.

పాముకాట్లూ అంతే. వానాకాలంలో నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే ఒక్కోసారి గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి. యాంటీ వీనమ్ ఇచ్చినా, అప్పటికే పడిపోయిన కండరాలు వెంటనే లేవవు. వెంటిలేటర్ మీద పెట్టి రోజుల తరబడి ఓపిక పట్టాలి. నాగుపాము కాటుకు పనిచేసే నియోస్టిగ్మిన్ అనే మందుని ఇక్కడ నమ్ముకోకూడదు. రక్తపింజర అనుమానం ఉంటే రక్తం గడ్డకడుతుందో లేదో ఇరవై నిమిషాల పరీక్ష చేయాలి. దానికి శుభ్రమైన పొడి గాజు ట్యూబే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. ఇంత వివరం విదేశీ జేబు పుస్తకంలో ఆశించడం న్యాయం కాదు. పాముకాటు మీద మన ప్రభుత్వ మార్గదర్శకాలు ప్రింట్ తీసి, పుస్తకంలో మడిచి పెట్టుకోండి.

అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయిగా అంటారు. డోసులు సరిచూడటానికి నేనూ ఫోన్ వాడతాను, కొత్త గైడ్‌లైన్లకు అదే మేలు. కానీ చేతికి గ్లవ్స్ ఉన్నప్పుడు ఫోన్‌లో వెతకడం కష్టం. పైగా బంధువులు అద్దంలోంచి చూస్తుంటారు. ప్రాణం మీదికొస్తే డాక్టర్ ఫోన్ చూసుకుంటున్నాడనుకుంటారు. వాళ్ల బాధలో అలా అనిపించడం సహజమే.

ఇంకొక్క కాగితం అంటించుకోండి: ఎత్తును బట్టి వెంటిలేటర్‌లో పెట్టాల్సిన టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసకు పంపే గాలి. మగవాళ్లకు సెంటీమీటర్లలో ఎత్తు నుంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, 50 కలపాలి. ఆడవాళ్లకు 50 బదులు 45.5. వచ్చేది ఎత్తుకు తగ్గ బరువు, కిలోల్లో. ఆ బరువుకు కిలోకి 6 మిల్లీలీటర్లు. 165 సెంటీమీటర్ల మగమనిషి 80 కిలోలున్నా ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న స్థితి) ఇవ్వాల్సింది 370 దగ్గర, 480 కాదు. టేపు పెట్టి కొలిచి, ఆ పట్టికలో చూసి పెట్టమని మా జూనియర్లకు చెబుతుంటాను.