స్పిట్‌ఫైర్‌కి స్టెయిన్‌లెస్ హీటర్ గొట్టం: ఏడు వానాకాలాల తరువాత

వెల్డు లోపలివైపు చూపించని స్టెయిన్‌లెస్ గొట్టానికి డబ్బులివ్వకండి. మా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (టాపు దించే పాత బ్రిటిష్ కారు)కి ఏడేళ్లలో రెండు హీటర్ గొట్టాలు వాడాక ముందు చెప్పాల్సిన మాట ఇదే. మొదటిది మూడో ఏటికి కారింది. రెండోది నాలుగేళ్లుగా చుక్క వదల్లేదు. రెండూ 316 గ్రేడే (మాలిబ్డినం కలిసిన స్టెయిన్‌లెస్), రెండూ 1.2 మి.మీ. మందమే. వెల్డు చేసేటప్పుడు గొట్టం లోపల ఆర్గాన్ (వేడి లోహానికి గాలి తగలకుండా కాపాడే వాయువు) నింపారా లేదా అన్నదే వాటి మధ్య అసలు తేడా.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 ఉన్నవాళ్లకి ఈ గొట్టం గురించి వేరే చెప్పక్కర్లేదు. హీటర్లోంచి వచ్చిన నీళ్లను మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం) కిందుగా తెచ్చి వాటర్ పంపు హౌసింగ్‌లో కలిపేది. కంపెనీ ఇచ్చింది మామూలు ఇనుము. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చకుండా బోరు నీళ్లు పోస్తే లోపల్నుంచి, మానిఫోల్డ్ వేడికీ తేమకీ బయట్నుంచి తినేస్తుంది. ఇంజన్ ట్రయంఫ్ వాళ్లదే ఇంకో కారు హెరాల్డ్ వంశానిదే కాబట్టి, మద్రాసులో తయారైన హెరాల్డులు విప్పిన పాత మేస్త్రీలు "మన ఎండలకి హీటరెందుకు బాబూ, బోల్టు పెట్టి మూసేద్దాం" అంటారు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఉంటే సరైన సలహాయే. కోరాపుట్, సెమిలిగుడ వైపు పుష్యమాసంలో టాపు దించి తిరిగే బండికి మాత్రం హీటరు కావాలి. పైగా సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే సుంకి ఘాటు ఎక్కుతుంటే వేడి ముల్లు లేస్తోందనుకోండి, హీటరు తెరిస్తే ఇంకో చిన్న రేడియేటరు తోడైనట్టే.

మొదటి గొట్టం విశాఖలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించింది. వాళ్ల దగ్గర సన్న గొట్టాన్ని నొక్కుకుపోకుండా వంచే బెండర్ లేదు. మూడు ముక్కలు ఏటవాలుగా కోసి టిగ్ వెల్డుతో అతికారు, మధ్యలో బ్రాకెట్ కూడా వెల్డు చేశారు. బయట బఫ్ పట్టించాక అద్దమే. మొదటి రెండేళ్లూ అడిగినవాళ్లందరికీ "ఇక ఈ జన్మకు తుప్పు లేదు" అని చెప్పినమాట నిజం. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

మూడో ఏడు సుంకి దాటాక బానెట్ సందులోంచి తియ్యటి వాసన, వేడి మానిఫోల్డ్ మీద చుక్క పడ్డప్పుడల్లా చుయ్‌మన్న చప్పుడు. ధారగా కాదు, చెమటలా కారింది. కారింది అతుకు దగ్గర కూడా కాదు, బ్రాకెట్ వెల్డు వెనక, సూదిమొనంత బెజ్జం. హీటర్ వాల్వు కట్టేసినా ఆగలేదు, ఎందుకంటే గొట్టం రెండో కొస పంపుకే కలిసి ఉంటుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి, అటొకటి ఇటొకటి క్లిప్పు బిగిస్తే సెమిలిగుడ దాకా చేరింది. ఇంజన్ చల్లారేదాకా రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు.

తరువాత ఆ గొట్టాన్ని నిలువునా కోయించి చూస్తే సంగతి బయటపడింది. ప్రతి వెల్డు వెనకా నల్లగా, మాడిన బెల్లప్పాకంలా గరుకు పొక్కులు. గోరుతో గీకితే పొడి రాలింది. స్టెయిన్‌లెస్ ఎర్రగా కాలినప్పుడు వెనకవైపు గాలి తగిలితే క్రోమియం ఆక్సైడుగా మారి పైకొచ్చేస్తుంది, దాని కింద మిగిలిన లోహంలో క్రోమియం తగ్గిపోతుంది. తుప్పును ఆపేది క్రోమియమే కాబట్టి అక్కడ 316 అన్న పేరొక్కటే మిగులుతుంది. ఆ పొక్కుల సందుల్లో నీళ్లు కదలకుండా నిలిచి, అందులోని క్లోరైడు గుంటలు పెడుతుంది. రాలిన పొడి రేడియేటర్ సన్న గొట్టాల్లోకి పోతుంది, అది ఇంకో నష్టం. ఆ మందం పొలుసు సిట్రిక్ యాసిడ్‌కి లొంగదు.

రెండో గొట్టం జయపురంలోనే చేయించింది. మాండ్రెల్ బెండర్ (గొట్టం లోపల కడ్డీ పెట్టి నొక్కుకుపోకుండా వంచే యంత్రం) మీద ఒకే ముక్క వంచి తెప్పించాం, అతుకుల్లేవు. బ్రాకెట్ ఒక్కటే వెల్డు. రెండు కొసలూ అల్యూమినియం రేకుతో మూసి, ఒక కొసలోంచి నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున ఆర్గాన్ వదిలి, రెండో కొసన చిన్న బెజ్జం ఉంచి, రెండు నిమిషాలు పోయాకే వెల్డు మొదలుపెట్టారు. వెల్డు చల్లారేదాకా ఆపలేదు. టార్చి వేసి లోపల చూస్తే లేత గడ్డి రంగు. ఆ రంగే కావాలి. లేత నీలం వరకూ ఫర్వాలేదనిపించుకుంటుంది, నలుపైతే పక్కన పడేయండి. బ్రాకెట్ బెజ్జాన్ని గుండ్రంగా కాక పొడుగ్గా చేయించండి. ఇనుముకంటే స్టెయిన్‌లెస్ వేడికి దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, సాగే చోటు లేకపోతే వెల్డు అంచున చిట్లుతుంది.

సరుకు దగ్గర మోసం ఎక్కువ. మెట్ల రెయిలింగులకు వాడే చవక గ్రేడు 202ని 304 అని అమ్మేస్తారు. అయస్కాంతం పరీక్ష ఇక్కడ పనికిరాదు, అదీ అంటుకోదు, ఇదీ అంటుకోదు. బ్యాటరీతో చేసే చుక్కమందు పరీక్షలో మాలిబ్డినం తేలితేనే 316.

రబ్బరు హోస్ ఎక్కే కొసకు చుట్టూ చిన్న గట్టు తీయించడం మరవద్దు. నున్నటి స్టెయిన్‌లెస్ మీంచి వేడి హోస్ జారిపోతుంది, క్లిప్పు గట్టుకు లోపలివైపు ఉండాలి. పంపు వైపు నట్టు కింద ఇత్తడి రింగు గట్టి గొట్టాన్ని కరవదు, తడి కనిపిస్తూనే ఉంటుంది. రాగి రింగును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచి వేస్తే పట్టింది. మొదటి వంద కిలోమీటర్ల తరువాత నట్టు పావు చుట్టు మళ్లీ తిప్పాలి.

గొట్టం బాగుంది సరే, దాని ఇరుగుపొరుగు అంత బాగా లేదు. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లు వదిలే వాల్వు) మీది అల్యూమినియం ఎల్బో, అంటే వంపు ముక్క, హోస్ కింద గుంటలు పడింది. ఇందులో స్టెయిన్‌లెస్ పాత్ర ఎంతో విడదీసి చెప్పడం కష్టం, రేడియేటర్లో రాగి ఇత్తడి ఎలాగూ ఉన్నాయి. కాని మూడేళ్లు మార్చని కూలెంట్‌లో అల్యూమినియమే ముందు బలవుతుంది. ఇప్పుడు కూలెంట్ డిస్టిల్డ్ వాటరుతో సగం సగం, రెండేళ్లకోసారి మార్పు. కూలెంట్ రంగు చూసి కొనకండి, ఏ కంపెనీ రంగు దానిదే. పాత సీసం టంకం రేడియేటరుకు సిలికేట్ ఉన్న పాతరకమే మేలు.

ఈ బండి ఏడాదికి 1,500 కిలోమీటర్లు దాటదు, వానల్లో షెడ్డులోనే ఉంటుంది. గోపాలపూర్ ఉప్పుగాలిలో రోజూ తిరిగే బండికి ఇదే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేను. అక్కడివాళ్లు హీటరు అక్కర్లేదనుకుంటే మేస్త్రీ చెప్పిన బోల్టే చవక. అదీ ఇత్తడి బోల్టు, ఇనుపది కాదు.