పీచు, ఉసిళ్ళు, ఊక బూడిద: మా ఇంట్లో నాలుగేళ్ల కార్డ్‌లెస్ వాక్యూమ్

తొలకరి వాన పడిన రాత్రి మా వైపు ఇళ్లలో ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. లైటు వెయ్యడం ఆలస్యం, ఉసిళ్ళు గుంపులుగా వచ్చి పడతాయి. లైట్లన్నీ ఆర్పేసి వరండాలో ఒక్క బల్బు ఉంచినా, దాని కింద పళ్లెంలో నీళ్లు పెట్టినా, తెల్లారేసరికి హాలంతా రెక్కలే. చీపురు తీస్తే లేచి ఎగిరి, ఊడ్చిన చోటే మళ్లీ వాలతాయి. తడిగుడ్డ పెడితే గచ్చుకి అతుక్కుపోతాయి. కర్రలా చేత్తో పట్టుకుని ఊడ్చే మా కార్డ్‌లెస్ వాక్యూమ్‌కి పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టుబాటైందని నాకు అనిపించేది ఏడాదికి ఆ రెండు మూడు రోజులే. పది నిమిషాల్లో ఇల్లంతా శుభ్రం. మిగతా రోజుల సంగతి ఇంత సూటిగా చెప్పలేను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి ఇల్లు. పెరట్లో దింపు కాయలు, వసారాలో కాయ ఒలిచిన పీచు డొక్కలు, అటక మీద కురిడీ కోసం పోసిన కాయలు. కురిడీ అంటే లోపలి కొబ్బరి ఎండి గుండుగా విడిపడే కాయ, దానికి నెలల తరబడి అలా ఉండాల్సిందే. అన్ని నెలలూ అటక చెక్కల సందుల్లోంచి సన్నటి నుసి రాలుతూనే ఉంటుంది. మా అత్తయ్యగారికి ఆయాసం. ఆవిడ ఉన్న గదిలో చీపురు వాడొద్దని డాక్టరుగారు చెప్పాక, 2021 దసరా సేల్‌లో పద్నాలుగు వేలు పెట్టి దీన్ని కొన్నాం. అంతకు ముందు ఇంట్లో వైరుతో నడిచే పెద్ద వాక్యూమ్ ఒకటి ఉండేది. ఎప్పుడో మామయ్యగారి హయాంలో టై కట్టుకున్న కుర్రాడెవరో ఇంటికొచ్చి, పరుపు మీద దుమ్ము పీల్చి చూపించి మరీ అమ్మాడట. దాని పీల్పు ఇప్పటికీ బ్రహ్మాండం. కానీ కిందికి దించి, గొట్టాలు తగిలించి, ప్లగ్గు ఎక్కడుందో వెతికి, గదిగదికీ ఈడ్చుకుంటూ తిరిగే ఓపిక ఎవరికీ లేక అది కూడా కురిడీ కాయలతో పాటు అటక మీదే ఉండిపోయింది. కార్డ్‌లెస్ వైపు వెళ్లడానికి అసలు కారణం ఇదే. గోడకి తగిలించి ఉంటే తీసి వాడతాం, మూటగట్టి ఉంటే వాడం.

కొనేముందు నేను వారం రోజులు బుర్ర పాడు చేసుకున్నది పెట్టె మీది అంకెలతో. ఒకాయన వాట్లు చెబుతాడు, ఇంకొకాయన కిలో పాస్కల్స్ చెబుతాడు. వాట్లంటే మోటారు తినే కరెంటు, అది ఊడ్చే చెత్త లెక్క కాదు. కిలో పాస్కల్ అంటే గొట్టం మూతి పూర్తిగా మూసేసి, గాలి కదలనప్పుడు కొలిచే పీల్పు. మూతి తెరిచాక ఎంత గాలి లాగుతుందో ఆ అంకె చెప్పదు. పీల్పు, లాగే గాలి, ఈ రెండూ కలిసొచ్చేది ఎయిర్‌వాట్ అనే లెక్కలో. డైసన్ లాంటి కంపెనీలవాళ్లు అది వేస్తారు కానీ వాటి ధర మా బడ్జెట్‌కి అందలేదు. మా ధరలో దొరికేవాటి పెట్టెల మీద ఎక్కువగా పాస్కల్సే. ఇప్పుడు చూస్తే ఆ వారం వృథా అనిపిస్తోంది. నున్నటి టైల్స్ మీద, పాత గచ్చు మీద దుమ్ము లాగడానికి అంత పీల్పే అక్కర్లేదు. నేను తివాచీ ఇంటి ప్రశ్నలు వేసుకుంటూ కొబ్బరి ఇంటికి మిషన్ వెతికాను.

బ్యాటరీ లెక్క మాత్రం మీరే వేసుకోవచ్చు, వేసుకోండి. మాదాని మీద 25.2 వోల్టులు, 2500 ఎంఏహెచ్ అని ఉంది. లోపల 3.6 వోల్టుల లిథియం అయాన్ సెల్స్ ఏడు వరసగా ఉంటాయి. 2500 ఎంఏహెచ్ అంటే 2.5 ఆంపియర్ అవర్లు. 25.2ని 2.5తో గుణిస్తే 63 వాట్ అవర్లు, అంటే గంటసేపు 63 వాట్లు ఇచ్చేంత. టర్బోలో, అంటే అన్నిటికంటే ఎక్కువ స్పీడులో, మోటారు 400 వాట్లు లాగుతుందని వాళ్లే రాశారు. అంటే నిండా చార్జి ఉన్నా తొమ్మిదిన్నర నిమిషాలు. చేతిలో గడియారం పెట్టుకుని చూస్తే ఎనిమిదే వచ్చింది. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన "60 నిమిషాలు" ఎకో మోడ్‌లో, అంటే అతి తక్కువ స్పీడులో, అదీ కింద తిరిగే బ్రష్, అంటే రోలర్, తీసేసి ఉత్త గొట్టం పెట్టినప్పటి మాట. రోలర్‌తో, మధ్య స్పీడులో మాకు కొత్తలో పాతిక నిమిషాలు వచ్చేది. నాలుగు గదులు, హాలు, వంటిల్లు అందులో అయిపోయేవి. టర్బో నేను మంచాల కింద మూలలకి తప్ప నొక్కను.

ఇక పీచు సంగతి. దీని గురించి ఏ అమ్మకందారూ చెప్పడు, ఎందుకంటే వాళ్లు చూపించే వీడియోల్లో ఎప్పుడూ అటుకులు, బియ్యం, మహా అయితే కుక్క వెంట్రుకలు. కొబ్బరి పీచు అలాంటిది కాదు. బిరుసుగా, పొడుగ్గా ఉండి రోలర్‌కి తాడులా చుట్టుకుంటుంది. దాని మీద మా ఇంటి ఆడవాళ్ల జుట్టు చుట్టుకుంటుంది. రెండూ కలిసి రోలర్ చివర ఇరుసులోకి దూరితే తిరగడం ఆగి, ఎర్ర లైటు వెలుగుతుంది. మొదటి నెలలోనే నాలుగుసార్లు అయింది. మాకు రెండు రోలర్లు వచ్చాయి, ఒకటి గట్టి కుచ్చులది, ఒకటి మెత్తటి గుడ్డలాంటిది. గట్టి కుచ్చులదే బాగా ఊడుస్తుందనుకున్నాను. తివాచీకి అది నిజమేమో గానీ గచ్చు మీద అది గింజల్ని, పీచుని ముందుకి చిమ్మేస్తుంది. మెత్తటి రోలర్ సన్నటి నుసిని తుడిచినట్టు తీసుకుంటుంది, పీచు కూడా దానికి తక్కువ చుట్టుకుంటుంది. ఆదివారం పొద్దున్న పాత బ్లేడుతో చుట్టిన పీచు కోసి తియ్యడం మా ఆయన డ్యూటీ. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చిన రోజు మాత్రం ఆయనకి శ్రమ ఉండదు. ఆ పొరలు రాలినంతా మిషన్ ఇష్టంగా తింటుంది.

అన్నిటికంటే పెద్ద పాఠం సంక్రాంతికి నేర్చుకున్నాను. ముగ్గు పిండి డబ్బా వరండాలో ఒలికింది. వాకిట్లో అయితే ఏముంది, చీపురుతో ఒక్క ఊపు. నేను మాత్రం కొత్త మిషన్ మోజులో దాంతో లాగాను. అర నిమిషం బాగానే లాగింది. తర్వాత పులి గాండ్రింపు కాస్తా దోమ రొదలా మారి ఆగిపోయింది. విప్పి చూస్తే ఫిల్టర్ మడతల్లో పిండి మైనంలా పట్టేసింది. ఇలాంటి మెత్తటి పొడి మిషన్ చెత్త డబ్బాలో సుడి తిరిగి కింద పడేంత బరువుండదు, నేరుగా ఫిల్టర్ మీదికి వెళ్తుంది. పిండి, విభూది, అగరొత్తుల బూడిద, సిమెంటు, సున్నం, ఏవీ వద్దు. మండపేటలో ఉన్న మా ఆడపడుచు మా మాట మీద ఇదే మోడల్ కొంది. వాళ్లింటి చుట్టూ రైసు మిల్లులు, మేడ మీదా కిటికీల్లోనూ నల్లటి ఊక బూడిద. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసక జాతి, మెత్తగా ఉన్నట్టే ఉండి గరుకు. నాకు రెండు నెలలకోసారి కడిగితే సరిపోయే ఫిల్టర్ ఆవిడ పది రోజులకోసారి కడుగుతోంది. "వదినా, నీ మాట విని నేను ఇల్లు ఊడవడం మానేసి ఫిల్టర్లు ఉతుక్కుంటున్నాను" అంటుంది కలిసినప్పుడల్లా. మిల్లుల పక్కన ఉండేవాళ్లకి నేనిప్పుడు దీన్ని కొనమని చెప్పడం లేదు.

ఫిల్టర్ కడగడం తేలికే. ఆరబెట్టడమే ఇక్కడ కష్టం. నీడలో 24 గంటలు ఆరనివ్వమని కాగితంలో రాశారు. ఎండాకాలం అయితే నాలుగు గంటలు చాలు. శ్రావణమాసంలో, బట్టలే రెండు రోజులకి ఆరని గాలిలో, స్పాంజిలాంటి ఆ ఫిల్టర్ ఎక్కడ ఆరుతుంది? మొదటి వానాకాలం పైకి పొడిగా కనిపిస్తోంది కదా అని పెట్టేశాను. రెండో రోజుకి ఇల్లంతా తడి కుక్క వాసన. అత్తయ్యగారు "అమ్మాయ్, దుమ్ము పోయిందిలే గానీ ఈ కంపు ఎక్కడిదే" అన్నారు. ఆ తర్వాత ఎనిమిది వందలు పెట్టి రెండో ఫిల్టర్ కొన్నాను. ఒకటి మిషన్లో, ఒకటి వంటింటి కిటికీలో. ఇది మొదటి రోజే కొని ఉంచుకోవాల్సిన వస్తువు.

అత్తయ్యగారి ఆయాసానికి పనికొచ్చిందా అని చాలామంది అడుగుతారు. ఊడ్చేటప్పుడు దుమ్ము లేవకపోవడం వల్ల ఆవిడకి దగ్గు తగ్గింది, అది కళ్లారా చూశాను. మందులు మాత్రం మామూలే. హెపా ఫిల్టర్ అంటే 0.3 మైక్రాన్ల నలుసుల్లో 99.97 శాతం ఆపాలి అని లెక్క చెబుతారు. ఫిల్టర్ ఆపుతుందేమో, కానీ మిషన్ అతుకుల్లోంచి గాలి బయటికొస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. చీకట్లో టార్చి వేసి చూస్తే మాదాని డబ్బా మూత దగ్గర సన్నగా దుమ్ము కదలడం కనిపించింది. అంతకంటే ఎక్కువ దుమ్ము లేచేది డబ్బా ఖాళీ చేసేటప్పుడు. అరలీటరు డబ్బా, మా ఇంట్లో రోజూ నిండుతుంది. దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, గాలివాటం చూసుకుని, సంచిలోకి వంచి తెరుస్తాను. ఇంట్లో చెత్తబుట్టలో గుమ్మరిస్తే ఊడ్చినదంతా మళ్లీ గాలిలోకే.

మా మిషన్‌కి దాదాపు ఆయుష్షు తీరిపోయింది 2022 జూలై వరదలకి. పి.గన్నవరం దగ్గర లంకలో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ మీద, మా పిన్ని వాళ్లింట్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక గచ్చు మీద వేలెడు ఒండ్రు. పారలతో తీసి, కడిగి, ఆరాక మిగిలిన మన్ను పీల్చడానికి పనికొస్తుందని నేనే ఇచ్చి పంపాను. మూలల్లో తడి ఆరలేదని వాళ్లకి తెలియలేదు. ఇది పొడి చెత్తకి మాత్రమే, తడి లాగితే మోటారుకి దెబ్బ అని నేనూ చెప్పలేదు. తిరిగొచ్చాక గొట్టంలో ఒండ్రు గట్టిపడి ఇటుకలా ఉంది, మోటారులో గరగర. పిన్ని నొచ్చుకుంటుందని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

అప్పుడు తెలిసింది సర్వీసు అంటే ఏమిటో. కంపెనీ పేరు రాయను. మా జిల్లాలో వాళ్లకి సెంటర్ లేదు. ఫోన్ చేస్తే "ఇంటికొచ్చి తీసుకెళ్తాం అండి" అన్నారు, పిన్‌కోడ్ చెప్పగానే "మీ ఏరియాకి పికప్ లేదండి" అన్నారు. చివరికి మేమే ప్యాక్ చేసి విజయవాడకి కొరియర్ వేశాం. పందొమ్మిది రోజులకి వచ్చింది, మూడు వేల రెండొందలు. నీళ్ల వల్ల పాడైంది కాబట్టి వారంటీ లేదన్నారు, అది న్యాయమే. ఆ పందొమ్మిది రోజుల్లో పద్నాలుగు రోజులు ఏమైందో ఎవరూ ఫోన్ ఎత్తి చెప్పకపోవడం మాత్రం న్యాయం కాదు.

బ్యాటరీ రెండున్నరేళ్లు బాగా పనిచేసింది. 2024 ఎండాకాలానికి పాతిక నిమిషాలు కాస్తా పదకొండుకి దిగింది. కొంత తప్పు మాదే. చార్జర్ ఉన్న గోడ పడమటి గోడ, రోహిణి కార్తెలో చెయ్యి పెడితే కాలుతుంది. అక్కడే రాత్రింబగళ్లు ఫుల్ చార్జిలో వేలాడదీశాం. వేడి, ఎప్పుడూ నిండా చార్జి, ఈ రెండూ లిథియం బ్యాటరీకి పడవు. ఊడ్చిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టడం కూడా మంచిది కాదు. అదృష్టం ఏమిటంటే మాది బటన్ నొక్కితే ఊడొచ్చే బ్యాటరీ. మూడు వేల ఆరొందలకి కంపెనీదే కొత్తది తెప్పించుకుని, చార్జర్‌ని తూర్పు గదికి మార్చాం. ఇప్పుడు వాడే గంట ముందు తప్ప నిండా చార్జి చెయ్యం. బ్యాటరీ లోపలే బిగించేసిన మోడల్ అయి ఉంటే, ఆ ఎండాకాలమే పాత ఇనుముకి వెళ్లేది. కరెంటు కోతల భయం అక్కర్లేదు, చార్జర్ తీసుకునేది పాతిక వాట్లే, ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

బూజు దులపడానికి పనికొస్తుందని కొనేవాళ్లకి ఒక మాట. మోటారు, డబ్బా, బ్యాటరీ అన్నీ చేతి దగ్గరే ఉంటాయి. మొత్తం బరువు రెండున్నర కిలోలే, కానీ దాన్ని తలపైకి ఎత్తి దూలాల మూలలకి చాపితే ఐదు నిమిషాలకి మోచెయ్యి పట్టేస్తుంది. మా బూజుకర్ర దాని చోటులోనే ఉంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటేనే నడిచేవి అసలు కొనకండి, మాది ఒకసారి నొక్కితే చాలు, ఈ వయసులో ఆ తేడా నా వేలికి బాగా తెలుసు.

పనిమనిషి మొదట్లో దీన్ని ముట్టుకునేది కాదు. "దీని గోల నాకొద్దండి అమ్మగారూ, పాడైతే నా మీదకొస్తాది" అనేది. ఇప్పుడు మంచాల కింద వంగక్కర్లేదని ఆ గదులు తనే చేస్తుంది. వసారా, అరుగు, వాకిలి మాత్రం ఈనెల చీపురుదే. పీచు, డొక్కల నలుసులు, కోడి ఈకలు, తడి మట్టి ఉన్నచోటికి మిషన్‌ని గడప దాటనివ్వం. మొన్న తొలి వానకి రెక్కలన్నీ లాగేసి, డబ్బా పెరట్లో దులిపితే కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. మెత్తటి రోలర్ అంచు మళ్లీ అరిగింది, ఈసారి రెండు కలిపి ఆర్డర్ పెట్టాలి.