షెనాండోవా కొండల వెన్ను మీద: రోడ్డు పక్కనుంచి చూడడం మేలా, శిఖరం దాకా నడవడం మేలా?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో బ్లూ రిడ్జ్ కొండల వెన్ను వెంట, ఉత్తరాన ఫ్రంట్ రాయల్ నుంచి దక్షిణాన రాక్‌ఫిష్ గ్యాప్ అనే కనుమ వరకు, స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు 105 మైళ్లు సాగుతుంది. దాని పొడవునా కారు ఆపుకొని లోయల్లోకి చూసేందుకు డెబ్బైకి అటూ ఇటూగా ఓవర్‌లుక్‌లు ఉన్నాయి. ఆ రోడ్డును పదే పదే దాటుతూ, అదే వెన్ను మీద అపలాచియన్ ట్రెయిల్ అనే సుదూర కాలిబాట సుమారు 101 మైళ్ల మేర నడుస్తుంది. దాన్ని కూడా కలుపుకుంటే షెనాండోవా నేషనల్ పార్కులో ఉన్న కాలిబాటలు దాదాపు 500 మైళ్లు. ఒక్క పగలు మాత్రమే చేతిలో ఉన్నవారికి ఇంత విస్తారం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది: ఓవర్‌లుక్ తర్వాత ఓవర్‌లుక్ చూస్తూ వెళ్లాలా, లేక కారు వదిలి ఏదో ఒక శిఖరం ఎక్కాలా, ఎక్కితే ఏది ఎక్కాలి?

శిఖరం నుంచి కనిపించేదీ ఓవర్‌లుక్ నుంచి కనిపించేదీ ఒకటేననీ, కాకపోతే మొదటిదానికి కాస్త శ్రమ ఎక్కువనీ చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. రోడ్డు వెన్నుకు ఒక పక్కగా ఒరిగి ఉంటుంది కనుక, ఓవర్‌లుక్ దాదాపు ఎప్పుడూ తూర్పునో పడమరనో, ఒక్క వైపే చూపిస్తుంది. తాను నిలబడినది రెండు పల్లపు ప్రాంతాల నడుమ నిటారుగా లేచిన ఇరుకైన గోడ మీద అన్న సంగతి చూసేవారికి తెలియదు. అది తెలియాలంటే ఒకే చోట నిలబడి రెండు వైపులా చూడగలగాలి. అందువల్ల, కాళ్లు సహకరించినంతవరకు, కనీసం ఒక్క శిఖరమైనా ఎక్కకుండా వెనుదిరగవద్దని నేను గట్టిగా చెబుతాను.

అలాగని ఓవర్‌లుక్‌లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1931లో మొదలై 1939లో పూర్తయిన ఈ రోడ్డును దృశ్యం కోసమే మలిచారు. ఓవర్‌లుక్‌ల దగ్గర పనుల్లో చాలా భాగం ఆనాటి ఆర్థిక మాంద్యంలో ఉపాధి కోసం చేరిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ పథకపు యువకుల చేతుల మీదుగా జరిగింది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈరోజు కింద పరుచుకొని కనిపించే దట్టమైన అడవిలో చాలా భాగం ఒకప్పుడు పొలాలు, పచ్చికబయళ్లు, ఇళ్లు. పార్కు ఏర్పాటు కోసం ఐదు వందలకు పైగా కుటుంబాలు ఈ కొండలు వదిలి వెళ్లవలసి వచ్చింది, ఆ తర్వాతే అడవి మళ్లీ కమ్ముకుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే కొన్నేళ్లకే ఓవర్‌లుక్‌లు కూడా మూసుకుపోతాయి కనుక, ఎదుట పెరిగే చెట్లను పార్కు సిబ్బంది ఎప్పటికప్పుడు నరికించి చూపుకు దారి ఉంచుతారు.

ఓవర్‌లుక్‌లను ఎంచుకునేటప్పుడు పేరు కన్నా దిక్కు ముఖ్యం. తూర్పు ముఖంగా ఉన్నవాటిని ఉదయం, పడమటి ముఖంగా ఉన్నవాటిని సాయంత్రం చూడాలి. ఉత్తర కొస నుంచి లెక్కించే మైలురాళ్లలో 40వది దాటగానే వచ్చే థొరోఫేర్ మౌంటెన్ ఓవర్‌లుక్ తూర్పు వైపుది. సూర్యోదయ వేళ అక్కడ ముందున్న కొండలు ఒకదాని వెనుక ఒకటి పొరలు పొరలుగా విడివడి కనిపిస్తాయి. సాయంత్రానికి 21వ మైలు సమీపంలోని హాగ్‌బ్యాక్ ఓవర్‌లుక్ తగినది. ఈ రోడ్డు మీది ఓవర్‌లుక్‌లన్నిటిలోకీ పొడవైనది కావడంతో జనం ఉన్నా ఇరుకు అనిపించదు, దిగువన షెనాండోవా నది తిరిగే మెలికలు కూడా అక్కడినుంచి చూడవచ్చు. 44వ మైలు తర్వాత వచ్చే క్రెసెంట్ రాక్ దగ్గర ఆగితే, ఎదురుగా పార్కులోకెల్లా ఎత్తైన హాక్స్‌బిల్ శిఖరం కనిపిస్తుంది. అయితే ఈ రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 35 మైళ్లే. ఎక్కడా ఆగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లినా మూడు గంటలు పడుతుంది. డెబ్బై చోట్లా ఆగాలనుకునేవారికి పదో చోటికే చూపు మొద్దుబారుతుంది. నాలుగైదు ఎంచుకొని, ఒక్కొక్కచోట ఇంజిన్ ఆపి పావుగంట కూర్చోవడమే సరైన పద్ధతి.

ఇక శిఖరాల విషయానికి వస్తే, అసలు పోటీ స్టోనీ మ్యాన్‌కూ హాక్స్‌బిల్‌కూ మధ్య. రెండూ నాలుగు వేల అడుగులు దాటినవే. హాక్స్‌బిల్ సుమారు 4,050 అడుగులతో మొదటిది, స్టోనీ మ్యాన్ 4,011 అడుగులతో రెండవది. ఎత్తులో తేడా నలభై అడుగులే అయినా, నడకలో తేడా చాలా ఉంది.

స్టోనీ మ్యాన్ దారి స్కైలాండ్ అనే విడిది ఉత్తర ద్వారం దగ్గర, 42వ మైలుకు కాస్త ముందు మొదలవుతుంది. రానూ పోనూ 1.6 మైళ్లు, ఎక్కవలసినది 340 అడుగులు మాత్రమే. మొదటి భాగం అపలాచియన్ ట్రెయిల్ మీదే సాగుతుంది కనుక చెట్ల మీది తెల్లని గుర్తులను అనుసరించి వెళ్లి, ఆపై నీలి గుర్తుల వైపు తిరగాలి. ఈ పార్కులో తెలుపు అపలాచియన్ ట్రెయిల్‌కు, నీలం ఇతర కాలిబాటలకు, పసుపు గుర్రాలు కూడా నడిచే బాటలకు కేటాయించారు. ఈ ఒక్క విషయం తెలిస్తే దారి తప్పే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. దారి చివర అడవి ఒక్కసారిగా ఆగిపోయి, దాదాపు 57 కోట్ల ఏళ్ల నాటి లావా ప్రవాహాలు గట్టిపడి, తర్వాత రూపాంతరం చెందిన ఆకుపచ్చ రాతి అంచు మీదికి మనం చేరుకుంటాము. కింద లూరే పట్టణం, దాని వెనుక మాసనట్టన్ కొండ, ఆ రెంటినీ తనలో ఇముడ్చుకున్న షెనాండోవా లోయ. ఇంత తక్కువ శ్రమకు ఇంత విశాలమైన దృశ్యం ఈ పార్కులో మరెక్కడా లేదని నా అభిప్రాయం. లోటు ఒకటే: ఇదీ ముఖ్యంగా పడమటి వైపు దృశ్యమే. అంచు దగ్గర కంచె కూడా లేదు కనుక చిన్న పిల్లల చేయి వదలకూడదు.

హాక్స్‌బిల్‌కు రెండు దారులు. హాక్స్‌బిల్ గ్యాప్ నుంచి వెళ్లేది 1.7 మైళ్లే అయినా 690 అడుగులు ఎక్కాలి, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మరో మైలు దక్షిణాన మొదలయ్యే ఎగువ దారి 2.1 మైళ్లు, 520 అడుగులు. కాస్త పొడవైనా ఇదే మేలు, దీని వాలు ఊపిరి తీసుకోనిస్తుంది. పైన రాతితో కట్టిన వేదిక నుంచి మూడు దిక్కులకు చూపు సాగుతుంది. ఉత్తరాన స్టోనీ మ్యాన్, తూర్పున ఓల్డ్ ర్యాగ్, పడమట లోయ. చల్లని ఉత్తర ప్రాంతాలకు చెందిన బాల్సమ్ ఫర్ చెట్లు, మంచుయుగం వెనుకకు తగ్గినప్పుడు ఈ ఎత్తులో చిక్కుకొని మిగిలినవి, శిఖరం దగ్గర కనిపిస్తాయి. నడకకు కుక్కను వెంట తీసుకెళ్లేవారికి ఈ రెండింటిలో వేరే ఎంపిక లేదు: స్టోనీ మ్యాన్ బాట మీద పెంపుడు జంతువులకు అనుమతి లేదు, హాక్స్‌బిల్ మీద పట్టీతో తీసుకెళ్లవచ్చు. పెద్దవారు, చిన్నపిల్లలు ఉన్న బృందానికి స్టోనీ మ్యాన్‌నూ, వెన్ను స్వరూపం తెలుసుకోవాలనుకునేవారికి హాక్స్‌బిల్‌నూ నేను సూచిస్తాను.

అదే స్వరూపాన్ని ఇంకా దగ్గరగా, చేతులతో తాకి తెలుసుకోవాలంటే 56వ మైలు దాటాక ఉన్న బేర్‌ఫెన్స్ ఉంది. నడక ఒకటిన్నర మైలుకు మించదు. అయితే మధ్యలో బండల మీద చేతులతో పట్టుకొని పాకుతూ వెళ్లాలి. పైకి చేరాక మాత్రం అడ్డు లేకుండా నలువైపులా కనిపిస్తుంది, వెన్ను రెండు పక్కలా ఎలా జారిపోతున్నదో ఇక్కడంత స్పష్టంగా హాక్స్‌బిల్ కూడా చూపలేదు. చేయి వేసే ముందు రాతి చీలికలో చూసుకోవాలి, వేసవిలో రాటిల్‌స్నేక్‌లు అనే విషసర్పాలు అలాంటి చోట్లనే ఎండ కాచుకుంటాయి. వాన పడిన రోజున ఈ రాయి బాగా జారుతుంది, ఆ రోజు ఇక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

ఓల్డ్ ర్యాగ్‌ను వీటితో ఒకే త్రాసులో తూచకూడదు. ఎత్తు 3,300 అడుగుల లోపే అయినా దిగువ నుంచి ఎక్కాలి కనుక, 9 మైళ్లు దాటిన చుట్టుబాటలో దాదాపు 2,500 అడుగులు ఎక్కవలసి వస్తుంది. అందులో గ్రానైట్ బండల సందుల్లోంచి దూరే భాగమే చాలా సమయం తీసుకుంటుంది. పూర్తి పగలంతా దీనికే పోతుంది. పైగా స్కైలైన్ డ్రైవ్ నుంచి దీని పార్కింగ్‌కు దారి లేదు, పార్కు తూర్పు సరిహద్దు వైపు నుంచి విడిగా రావాలి. 2022 నుంచి మార్చి 1 మొదలు నవంబర్ 30 వరకు ముందుగా టికెట్ తీసుకోవడం తప్పనిసరి చేశారు. ప్రధాన వెన్నుకు ఇది దూరంగా, విడిగా నిలిచిన కొండ కావడంతో, దీని మీదినుంచి పడమటికి చూస్తే బ్లూ రిడ్జ్ అంతా ఒకే గోడలా కనిపిస్తుంది. మిగిలిన శిఖరాలు వెన్ను మీదినుంచి లోకాన్ని చూపిస్తే, ఇది వెన్నునే చూపిస్తుంది. రెండోసారి వచ్చేవారికి, కాళ్లలో బలం ఉన్నవారికి ఇంతకు మించినది లేదు. మొదటిసారి ఒక్కరోజుకు వచ్చేవారు మాత్రం దీన్ని పెట్టుకోవద్దు.

ఏది ఎంచుకున్నా ఆకాశాన్ని ముందు చూడాలి. వేసవి మధ్యాహ్నాల్లో చెట్లు విడిచే ఆవిరులు కూడా కారణమై కొండలను నీలిమంచు కప్పుతుంది, బ్లూ రిడ్జ్ అనే పేరు దాని వల్లనే వచ్చింది. దానికి గాలి కాలుష్యం తోడైన రోజున దూరపు కొండలు పూర్తిగా మాయమవుతాయి. చల్లటి గాలి వీచి వాన వెలిసిన మరునాటి ఉదయం మాత్రం చూపు ఎంతో దూరం సాగుతుంది, అటువంటి రోజు దొరికితే ఓవర్‌లుక్‌లు దారిలో వచ్చినప్పుడు చూసుకుంటూ నేరుగా హాక్స్‌బిల్‌కు వెళ్లాలి. ఉరుము వినబడితే ఏ శిఖరం మీదా నిలవకూడదు. మేఘమే వచ్చి కొండల మీద కూర్చుంటే, ఓవర్‌లుక్‌లలోనూ శిఖరాల మీదా తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు 43వ మైలు దగ్గరి లింబర్‌లాస్ట్ బాటకు వెళ్లండి. 1.3 మైళ్ల ఆ చుట్టుబాటను చక్రాల కుర్చీలు కూడా వెళ్లేలా చదును చేశారు, పొగమంచులో ఆ అడవి ఎండలో కన్నా బాగుంటుంది.