అల్జీర్ మ్యూజియం, కజకస్తాన్: వెళ్ళాల్సిందే, కానీ దొలింకా కూడా కలుపుకోండి

అస్తానా నుంచి టాక్సీలో దాదాపు 40 కిలోమీటర్లు వెళ్తే అక్మోల్ అనే ఊరు. స్టాలిన్ కాలంలో 'దేశద్రోహుల భార్యల' కోసం 1938 జనవరి నుంచి నడిపిన లేబర్ క్యాంపు ఇక్కడే ఉండేది. దాని రష్యన్ పేరుకు పొట్టిపేరే అల్జీర్. మ్యూజియం 2007 మే 31న తెరిచారు.

సోవియట్ రహస్య పోలీసుల 1937 ఆగస్టు 15 నాటి 00486 నంబరు ఉత్తర్వు ఏమిటో ముందే చదువుకుని వెళ్ళండి, లేకపోతే చూసినదాంట్లో సగం అర్థం కాదు. భర్త మీద ద్రోహి ముద్ర పడితే భార్యకు 5 నుంచి 8 ఏళ్ళ క్యాంపు శిక్ష. ఆమె వేరే నేరం చేయనక్కర్లేదు. (భర్తల కోసం ఇలాంటి ఉత్తర్వేదీ లేదు లెండి.) చంటిపిల్లలు తల్లితోపాటే క్యాంపుకు, ఏడాదో ఏడాదిన్నరో నిండగానే అనాథాశ్రమానికి. కాస్త పెద్దపిల్లల్ని తల్లి అరెస్టుతోపాటే తీసుకుపోయేవారు. అదీ మాస్కో, లెనిన్‌గ్రాడ్, కీవ్ లాంటి నగరాల్లో ఉంచకూడదన్న షరతుతో. బ్యాలే కళాకారిణి మాయా ప్లిసెత్స్కయా తల్లి రఖీల్ మెస్సెరర్ ఏడాదైనా నిండని కొడుకు అజారితో ఇక్కడికే వచ్చింది. ఆమె మూకీ సినిమాల నటి. కానీ క్యాంపు రికార్డులో ఫలానావాడి భార్య, అంతే.

బాగున్నవి: ఖైదీల్ని తెచ్చిన తరహా రైలు పెట్టె, 18 మీటర్ల శోకతోరణం, 7,000కు పైగా పేర్లున్న నల్లరాతి గోడ. తోరణం దగ్గర రెండు విగ్రహాలుంటాయి. తలవంచుకు కూర్చున్న మగవాడు నిరాశకు గుర్తు, ఆడమనిషి పోరాటానికి గుర్తు. శిల్పి ఉద్దేశం మంచిదే. అయితే చలికాలం పొయ్యిల్లోకి ఝలనాష్ చెరువు రెల్లు కోసి మోసిందీ, యుద్ధకాలంలో సైనికులకు యూనిఫాంలు కుట్టిందీ ఈ ఆడవాళ్ళే. ఆ పనిని విగ్రహంగా మార్చేస్తే దాని బరువు తెలియదు.

లోటు పిల్లల దగ్గరే. గూలాగ్ (సోవియట్ లేబర్ క్యాంపుల వ్యవస్థ) క్యాంపుల్లో పాలిచ్చే తల్లుల్ని కాపలా మధ్య నర్సరీకి నడిపించి, పాలు పట్టగానే మళ్ళీ పనికి తోలేవారు. పిల్లలు ఎందుకంతమంది చనిపోయారో అర్థం కావాలంటే ఈ దినచర్య తెలియాలి. ఇక్కడ దానికి ఇంకా చాలా చోటివ్వాలి. అందుకే కరగండా దగ్గరి దొలింకా కూడా చూడమంటున్నాం. కరగండా ప్రాంతపు క్యాంపుల సముదాయమైన కర్లాగ్ ప్రధాన కార్యాలయ భవనమే అక్కడ మ్యూజియం. ఊరికి దగ్గర్లోనే క్యాంపు పిల్లల్ని పాతిపెట్టిన 'మామోచ్కినో' శ్మశానం ఉంది.

చూడాల్సినవి చాలావరకు ఆరుబయటే. చలికాలంలో స్టెప్పీ గాలికి కోటు, గ్లవ్స్ లేకుండా నిలబడలేరు. గోడమీద పేర్లు రష్యన్ లిపిలో ఉంటాయి కాబట్టి గైడ్‌ని మాట్లాడుకోండి. అస్తానా నుంచి కరగండా 200 కిలోమీటర్లు దాటుతుంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు.

రేటింగ్: అయిదుకు నాలుగు.