జర్మనీ ఎంఎస్‌కి కన్సల్టెన్సీలో కట్టే ముందు: అప్లికేషన్ మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందా?

జర్మనీలో ఎంఎస్ కోసం కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఒక్కసారి ఇది చదవండి. మా తమ్ముడి విషయంలో మాకు ఒక ఏడాది, లక్షా పదిహేడు వేల రూపాయలు పోయాయి. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. విజయవాడలో అద్దాల ఆఫీసు, గోడ నిండా పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. ఇంతకంటే గుర్తులు చెప్పినా లాభం లేదు, అలాంటి ఆఫీసులు వీధికి నాలుగున్నాయి.

తమ్ముడిది బీటెక్ మెకానికల్, సీజీపీఏ 7.4. 2024 నవంబరులో నాన్నతో కలిసి ముగ్గురం వెళ్లాం. "అంకుల్, జర్మనీలో ఫీజే ఉండదు, బాబు తిండి ఖర్చు చూసుకుంటే చాలు" అన్నాడు కౌన్సెలర్. ఇది చాలావరకు నిజమే. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ కోర్సులకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోలు కడితే సరిపోతుంది. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి వాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024-25 నుంచి బయటి దేశాల వాళ్ల దగ్గర ఫీజు మొదలుపెట్టింది. అతను చెప్పకుండా దాటేసింది బ్లాక్డ్ అకౌంట్ సంగతి. వీసాకి వెళ్లేముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు అందులో వేసి చూపించాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున తీసుకోవచ్చు. మన డబ్బుల్లో పది లక్షల పైమాటే. ఆ మాట మాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

ప్యాకేజీ అరవై వేలు. ఆరు ప్రభుత్వ యూనివర్సిటీలకు అప్లికేషన్లు, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాడో రాసే వ్యాసం), ఎల్ఓఆర్‌లు (లెక్చరర్లు ఇచ్చే సిఫారసు లేఖలు) అన్నీ వాళ్లే చూసుకుంటారు. కట్టిన రోజే తమ్ముడి పేరుతో ఒక కొత్త జీమెయిల్ తెరిచారు. "తనకి పాస్‌వర్డ్ ఇస్తే ఏదో ఒకటి నొక్కి పాడుచేస్తాడు మేడమ్, మా టీమ్ రోజూ చూస్తుంది" అన్నాడు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని రోజుకి పదిసార్లు కస్టమర్లకు చెప్పే నోరు నాది. ఆ రోజు మాత్రం సరేనని తలూపాను. ఈ మొత్తంలో నాకు ఇప్పటికీ సిగ్గుగా అనిపించేది అదే.

తర్వాత వరసగా డబ్బులు. ఏపీఎస్ సర్టిఫికెట్ కోసం ఇరవై అయిదు వేలు. దాని అసలు ఫీజు 18,000. మన డిగ్రీ కాగితాలు నిజమైనవేనని ఢిల్లీలోని ఏపీఎస్ వాళ్లు పరిశీలించి ఇస్తారు, 2022 నవంబరు నుంచి వీసాకి ఇది తప్పనిసరి. దానికి ఎవరికి వాళ్లే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. ఆ తర్వాత అప్లికేషన్ ఫీజులు, నోటరీ, బెర్లిన్‌కి కొరియర్ అంటూ ఇంకో ముప్పై రెండు వేలు. ఎక్కువ యూనివర్సిటీలకు ఒరిజినల్స్ కలర్ స్కాన్ తీసి అప్‌లోడ్ చేస్తే చాలని, మావి కూడా అలాగే పంపారని, ఆ కొరియర్ బెజవాడ దాటనే లేదని తర్వాత తెలిసింది.

మార్చిలో "అన్నీ అప్లై అయిపోయాయి" అన్నారు. మే, జూన్ గడిచాయి. ఫోన్ చేస్తే "అండర్ ప్రాసెస్ మేడమ్". జూలై చివర్లో పిలిచి, ఆరూ రిజెక్ట్ అయ్యాయని చెప్పారు. 7.4కి పబ్లిక్ యూనివర్సిటీ రావడం కష్టమట. ఆ మాట నవంబరులో ఎందుకు గుర్తురాలేదని అడిగితే నవ్వి, వెంటనే బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ బ్రోచర్ ముందుపెట్టాడు. ఏడాదికి పదమూడు వేల యూరోలు. నాలుగు రోజుల్లో ఆఫర్ లెటర్ కూడా వచ్చేసింది. నలభై ఎనిమిది గంటల్లో అడ్వాన్సు కట్టాలి, సీట్లు అయిపోతున్నాయి. నాన్న ఊళ్లో అరెకరానికి బేరం మాట్లాడటం మొదలుపెట్టేశారు.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. రిజెక్షన్ లెటర్లు పంపమన్నాను. తేదీలు, పేర్లు కత్తిరించిన స్క్రీన్‌షాట్లు వచ్చాయి. మెయిల్ పాస్‌వర్డ్ అడిగితే రేపు, ఎల్లుండి అంటూ వారం తిప్పారు. చివరికి ఒక శనివారం పొద్దున తమ్ముణ్ణి తీసుకెళ్లి రిసెప్షన్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి, పాపం అక్కడి టెలీకాలర్ అమ్మాయే ఎవరూ చూడకుండా ఓటీపీ చెప్పింది. రికవరీ నంబరు కూడా ఆఫీసు ఫోనే మరి.

అక్కడే కుర్చీలో కూర్చుని ఫోన్‌లో తెరిచాం. ఆరింటిలో మూడు యూనివర్సిటీలకు అసలు అప్లికేషనే వెళ్లలేదు. రెండింటికి యూని-అసిస్ట్ ద్వారా వెళ్లాయి. చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున విదేశీ విద్యార్థుల కాగితాలు పరిశీలించే సంస్థ అది. మే 9న దాన్నుంచి ఒక మెయిల్ వచ్చింది: ఏపీఎస్ సర్టిఫికెట్ జతచేయలేదు, గడువులోగా అప్‌లోడ్ చేయండి అని. ఎవరో తెరిచి చదివారు, జవాబు లేదు. అదే ఇన్‌బాక్స్‌లో ఇంకాస్త కిందికి వెళ్తే ఏపీఎస్ సర్టిఫికెట్ పీడీఎఫ్ ఉంది. అప్‌లోడ్ చేయడానికి రెండు నిమిషాలు పట్టదు. తమ్ముడు ఆ రెండు మెయిళ్ల మధ్య వేలితో పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిజంగా రిజెక్ట్ చేసింది ఒక్క యూనివర్సిటీ. దానికి పంపిన ఎస్ఓపీ తెరిస్తే రెండో పేరాలో వేరే యూనివర్సిటీ పేరుంది. కింద ఇంకో చోట "చిన్నప్పటి నుంచి సర్క్యూట్ బోర్డులంటే నాకు ప్రాణం" అని ఉంది. మావాడు మెకానికల్ అని మొదట్లోనే చెప్పాను కదా!

వీటన్నిటికన్నా భయపెట్టింది ఎల్ఓఆర్‌లు. తమ్ముడి హెచ్ఓడీ గారి పేరుతో వీళ్లే రాసుకుని, సంతకం వీళ్లే పెట్టి, ఆయన పేరుతో ఒక జీమెయిల్ కూడా తెరిచారు. ఆయనకి ఈ సంగతే తెలియదు. దొంగ కాగితమని బయటపడితే జర్మనీ వాళ్లు అడిగేది కన్సల్టెన్సీని కాదు, అప్లికేషన్ మీద పేరున్న మావాణ్ణి. సోమవారమే కాలేజీకి వెళ్లి ఆయనకి అంతా చెప్పి క్షమాపణ అడిగాం. ఆయన కోప్పడి, తర్వాత టీ ఇప్పించి, అసలు లెటర్ తనే రాసిస్తానన్నారు.

వీళ్లు ఇలా ఎందుకు చేస్తారంటే, నాకు అర్థమైంది ఇది. ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా పిల్లల్ని తెచ్చినందుకు ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు. ప్రైవేటువి చాలావరకు ఇస్తాయి. అందుకే "కౌన్సెలింగ్ పూర్తిగా ఫ్రీ" అన్న బోర్డు చూస్తే ఇప్పుడు నాకు ఇంకా ఎక్కువ అనుమానం వస్తోంది. ప్రైవేటు యూనివర్సిటీలన్నీ మోసమని కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవి ఉన్నాయి, తెలిసి చేరితే అది వేరే విషయం. అనబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో ఆ సంస్థ పేరు పక్కన గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ (H+) ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవచ్చు.

7.4కి రాదన్న మాట సంగతి కూడా చెప్పాలి. జర్మనీలో 1 అంటే బెస్ట్, 4 అంటే పాస్. పది నుంచి మన సీజీపీఏ తీసేసి, పదికీ మన పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. పాస్ మార్కు 4 అనుకుంటే మావాడికి 2.3 వస్తుంది, 5 అనుకుంటే 2.6 దాకా. 2.5 కటాఫ్ పెట్టే కోర్సులు బోలెడు. కాబట్టి ఎక్కడ అప్లై చేయాలో చూసుకుంటే అసాధ్యమేం కాదు. కోర్సులు వెతకడానికి విదేశీ విద్యార్థులకు సాయపడే జర్మన్ సంస్థ డీఏఏడీ వాళ్ల వెబ్‌సైట్ ఉంది, ఇంగ్లిష్‌లో చెప్పేవి విడిగా చూసుకోవచ్చు. గడువు కూడా ఒక్కో కోర్సుకి ఒక్కోలా ఉంటుంది. అందరూ జూలై 15 అంటారుగానీ చాలా ఇంటర్నేషనల్ మాస్టర్స్‌కి వసంతంలోనే అయిపోతుంది. యూని-అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, అదే సెమిస్టర్‌కి తర్వాతి ఒక్కోదానికి 30. మావి వెళ్లినవి రెండే కాబట్టి వాళ్లు అక్కడ కట్టింది 105 యూరోలు. మా దగ్గర తీసుకున్నది పైన చెప్పాను.

ఇంట్లో ఎవరికీ తీరిక లేక కన్సల్టెన్సీకే వెళ్తామంటే వెళ్లండి, నేనేం వద్దనను. కానీ మెయిల్ ఐడీ పిల్లాడిదే ఉండాలి, రికవరీ నంబరు మీ ఇంట్లో ఫోన్‌ది ఉండాలి. ఫీజు మీ కార్డుతోనే నేరుగా కట్టండి, అప్పుడు ఎన్ని అప్లికేషన్లు వెళ్లాయో స్టేట్‌మెంటే చెప్తుంది. ఎస్ఓపీ పంపేముందు చదవండి. రసీదు మీద ఏం రాశారో కూడా చదవండి. మా రసీదు మీద "సర్వీస్ చార్జీలు, వాపసు లేదు" అని రబ్బరు స్టాంపుతో ఉంది. యూనివర్సిటీల పేర్లు ఒక్కటీ లేవు.

డబ్బు విషయం: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. ఇరవై రెండు వేలు వెనక్కిచ్చి, "ఇంతటితో వదిలేయండి మేడమ్" అన్నారు. వదల్లేదు. అయిదు లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో కేసుకి ఫీజు కూడా లేదు, వేశాం. ఆ ఇన్‌బాక్స్ మొత్తం డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, అదే మా సాక్ష్యం. నాన్న పొలం బేరం ఆపేశారు.

ఏపీఎస్ సర్టిఫికెట్ చేతిలో ఉంది కాబట్టి ఆ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. తమ్ముడు ఈసారి ఎస్ఓపీ తనే రాసుకున్నాడు. మొన్న రాత్రి పదకొండింటికి యూని-అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్ పంపాడు, నా కార్డు నుంచి 75 యూరోలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఏపీఎస్ జతచేశావా అని మూడుసార్లు అడిగాను. మూడోసారి విసుక్కుని లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.