15 ఆంప్ సాకెట్టా, 7.2 కిలోవాట్ల బాక్సా? కారుకైనా స్కూటర్‌కైనా ఏ చార్జింగ్ గన్ మేలు?

ఎలక్ట్రిక్ కార్ల వరకు మన దేశంలో గన్ (చార్జింగ్ కేబుల్ చివర బండికి పెట్టే కనెక్టర్) గొడవ దాదాపు తీరిపోయింది. ఇంట్లో వచ్చే ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్)కి టైప్ 2 గన్, ఫాస్ట్ చార్జింగ్ ఉంటే దాని డీసీ (డైరెక్ట్ కరెంట్)కి సీసీఎస్2 గన్. కాబట్టి కారు కొన్నవాళ్లు తేల్చుకోవాల్సింది ఇంటి సంగతి: కంపెనీ ఇచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను 15 ఆంప్ సాకెట్‌కు పెట్టుకోవాలా, గోడకు 7.2 కిలోవాట్ల బాక్స్ బిగించుకోవాలా?

ముందు కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ ఎంతో చూడండి. ఏసీని డీసీగా మార్చేది అదే. గోడ మీది బాక్స్ చేసేదల్లా కరెంటును అందించడం, కాపలా కాయడం. కారులో 3.3 కిలోవాట్ల చార్జర్ ఉంటే మాల్‌లో 22 కిలోవాట్ల టైప్ 2 గన్ పెట్టినా 3.3కు మించి ఎక్కదు. అలాంటి కారుకు 7.2 బాక్స్ కొనడం డబ్బు దండగ.

కారు 7.2 తీసుకోగలిగినా చాలామందికి 15 ఆంప్ సాకెట్ సరిపోతుందనే నా అభిప్రాయం. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది సుమారు 7, 8 యూనిట్లు. 3.3 కిలోవాట్లతో మూడు గంటల్లోపే నిండిపోతుంది. 30 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే మాత్రం దాదాపు పది గంటలు పడుతుంది. 7.2తో అదే నాలుగున్నర, ఐదు గంటల పని. రోజూ 150 కిలోమీటర్లు దాటే ట్యాక్సీకి, ఒకే పాయింట్‌కు రెండు కార్లున్న ఇంటికి బాక్సే మేలు.

సాకెట్ చాలన్నాను కదా అని గీజర్ సాకెట్‌కు పెట్టేయకండి. గీజర్ కాసేపు నడిచి ఆగుతుంది, కారు గంటల తరబడి ఒకే తీరున లాగుతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించండి. 20 ఆంప్ సీ కర్వ్ ఎంసీబీ (లోడ్ మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు. మొదటి రోజు గంట చార్జ్ అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ బయటికి తీసి, పిన్నులున్న వైపు వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనలేనంత వేడి ఉంటే సాకెట్ లోపలి స్ప్రింగ్ వదులైనట్టు, లేదా టెర్మినల్ స్క్రూ బిగియనట్టు. ఆ సాకెట్‌ను మార్చాల్సిందే. చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగితే ముందు ఎర్త్‌ను అనుమానించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ 2, 3 వోల్టులకు మించి చూపితే ఎర్త్ గుంతలో నీళ్లు పోయించి, కనెక్షన్లు బిగించాలి.

7.2 బాక్స్‌కు 6 స్క్వేర్ ఎంఎం వైరు, 40 ఆంప్ ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ చేసేది) కావాలి. బాక్స్‌లో 6 మిల్లీఆంప్ డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉంటే ఆర్‌సీబీఓ టైప్ ఏ రకమైనా చాలు, లేకపోతే డీసీ లీకేజీని కూడా పట్టే టైప్ బీ తప్పదు. డీసీ లీకేజీ ఉన్నప్పుడు మామూలు ఆర్‌సీసీబీ మొద్దుబారిపోయి షాక్ కొట్టినా ట్రిప్ కాకపోవచ్చు. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు) కూడా చూసుకోండి. 3 కిలోవాట్లే ఉంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)కు దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో ఈ బాక్స్ ఒకే ఫేజ్ మీద నడుస్తుంది కనుక, ఏసీలు, గీజర్ లేని ఫేజ్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

ఇక రోడ్డు మీద. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ దారిలో ఆగితే మీకు కావాల్సింది సీసీఎస్2. పాత స్టేషన్లలో కనిపించే భారత్ డీసీ 001 గన్ మీ కారుకు పట్టదు. అది చైనా జీబీ/టీ కనెక్టర్‌తో 48, 72 వోల్టుల బండ్ల కోసం 15 కిలోవాట్లకు పెట్టింది. మ్యాప్‌లో "డీసీ" అని చూసి బయల్దేరకుండా, సీసీఎస్2 అని ఉందో లేదో చూసుకోండి.

సీసీఎస్2 గన్‌కు సొంత కొక్కెం ఉండదు. కారులోంచి చిన్న పిన్ను బయటికొచ్చి దాన్ని పట్టుకుంటుంది. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలితే ఆ పిన్ను పడదు, స్టేషన్ "కనెక్షన్ ఎర్రర్" అంటుంది. చాలామంది మిషన్ పాడైందని వెళ్లిపోతారు. గన్‌ను అరచేత్తో పైకెత్తి, టిక్‌మని లాక్ పడేదాకా లోపలికి నొక్కి పట్టుకుంటే చాలాసార్లు పని అవుతుంది. చార్జింగ్ అయ్యాక గన్ రాకపోతే బలంగా లాగకండి. కారును ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చేయండి. అయినా రాకపోతే చాలా కార్లలో చేత్తో లాక్ విడిపించే తాడు ఉంటుంది. అది ఎక్కడుందో మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.

స్కూటర్ల దగ్గర మాత్రం ఇంకా ఏకాభిప్రాయం లేదు. పోటీలో ఉన్నవి టైప్ 6, టైప్ 7 గన్‌లు. టైప్ 6 డీసీకి మాత్రమే, 120 వోల్టులు, 100 ఆంపుల వరకు. టైప్ 7 గన్ ఒక్కటే ఏసీకీ డీసీకీ పనికొస్తుంది. ఈ టైప్ 7 స్కూటర్ కంపెనీ ఏథర్ కనెక్టరే. దాన్ని 2021లో అందరికీ తెరిచింది, 2023లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆ ప్రమాణాన్ని ఆమోదించింది. హీరో విడా కూడా అదే వాడుతోంది. డిజైన్‌గా నా ఓటు టైప్ 7కే. అయినా కొనేముందు మీరు రోజూ తిరిగే దారిలో ఏ గన్ ఉన్న పాయింట్లు ఎక్కువో లెక్కపెట్టుకోండి. రాత్రి ఇంట్లోనే చార్జ్ చేసేవాళ్లకు ఈ తేడా పెద్దగా తగలదు.

టైప్ 2 గన్‌ను మామూలు 15 ఆంప్ సాకెట్‌గా మార్చే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. స్కూటర్ వాళ్లు కొంటున్నారు. వద్దు. టైప్ 2లో కంట్రోల్ పిన్ పొట్టిగా ఉంటుంది. గన్ లాగగానే ముందు అది విడిపోయి కరెంటు ఆగుతుంది, ఆ తర్వాతే పెద్ద పిన్నులు విడిపోతాయి. అడాప్టర్ పెట్టి స్కూటర్ ప్లగ్‌ను లాగితే ఆ రక్షణ ఉండదు. పారుతున్న కరెంటు మధ్యలో పిన్నులు విడిపోయి నిప్పురవ్వలు లేస్తాయి, సాకెట్ నల్లబడుతుంది.